సగం వేగం

జూన్ 4

అక్కకి, తమ్ముడు వంగి దండం పెట్టి రాసేది. మెషిన్ రూములో వంగి వంగి నడుము పట్టేసింది కాబట్టి దీన్ని సగం దండంగా తీసుకో.

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తినా "ఆ, ఆ, సరే, ఉంటాను" అని మూడు ముక్కల్లో పెట్టేస్తావు. అడిగితే మీ వీధిలో సిగ్నల్ బాగోలేదంటావు, ఉత్తరం రాయమంటావు. బతుకంతా ప్రెస్సులో పుస్తకాలు కుట్టి బైండు చేసినదానివి, కాగితం మీద కనపడితేగానీ నీకు మాట మీద నమ్మకం కుదరదని మీ మరదలు అంటోంది. సరే, నీ దారికే వచ్చాను. ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో, పెన్నుని స్క్రూడ్రైవర్ తిప్పినట్టు తిప్పుతున్నాను.

విషయం ఏమిటంటే, మా కంపెనీ కొత్త రూలు పెట్టింది. లిఫ్టు మెకానిక్కులందరూ ఆన్‌లైన్‌లో కోర్సు చదివి, జూలై మధ్యలో పరీక్ష పాసయి, సర్టిఫికెట్ తెచ్చుకోవాలట. ముందు కంప్యూటర్ మీద రాతపరీక్ష, ఆ తర్వాత నిజం లిఫ్టు దగ్గర చేతి పరీక్ష. తప్పినవాళ్ళని గోడౌనులో వేస్తారు, నట్లూ బోల్టులూ ఏరుకుంటూ కూర్చోడానికి. ఇన్నేళ్ళు పైకీ కిందకీ తిరిగినవాణ్ణి ఒకే అంతస్తులో కూర్చోబెడితే నేనేమైపోతానక్కా? మోటారు చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేవాణ్ణి నేను. అలాంటి నాకు లిఫ్టు అనగా ఏమి అని మొదటి పాఠం. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. కానీ ఈ తాత దగ్గు పరీక్షలో పాసవ్వకపోతే కుదరదు.

నీ మేనకోడలు నా ఫోన్లో "మెట్లు" అనే యాప్ పెట్టింది. లిఫ్టువాడికి మెట్లేమిటే అంటే నవ్వింది. అందులో మా కోర్సు వీడియోలున్నాయి. జ్ఞాపకం పెట్టుకోవడానికి కార్డులున్నాయి; ఒకవైపు ప్రశ్న, తిరగేస్తే జవాబు. కంపెనీవాళ్ళ కార్డులు కాక మనం కూడా రాసుకోవచ్చు. మనం మరిచిపోయేవాటిని అదే కనిపెట్టి మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. రోజూ చదివితే ఒక చీమ పంచదార పలుకు మోసుకుంటూ మెట్లెక్కుతుంది. ఒక్కరోజు మానేస్తే వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటుంది. దాని అవస్థ చూడలేక మీ మరదలు, నేను కునుకు తీస్తుంటే నా వేలు పట్టుకుని ఫోన్ మీద నొక్కేస్తోంది.

నువ్వు కూడా ఏదో నేర్చుకోవాలన్నావుగా. రెండు చందాలెందుకని నా ఖాతాలోనే నిన్నూ చేర్చాను. ఖాతా ఒకటే, పేర్లు రెండు. కార్డుల గురించి ఒక ముఖ్యమైన సంగతి నిన్న వాయిస్ మెసేజ్‌లో చెప్పాను. జాగ్రత్తగా విని అలాగే చెయ్యి.

ఇట్లు,
పంచదార మోస్తున్న నీ తమ్ముడు


జూన్ 11

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవించి రాసేది. సగం దండం అందింది. నేనూ సగం దీవెనే పంపుతున్నాను. మిగతాది పరీక్ష పాసయ్యాక.

నీ వాయిస్ మెసేజ్ అందింది. కార్డుల సంగతి నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. పొద్దున్నే టీ తాగి, కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంటున్నాను. దిగులు పడకు. నిన్ను గోడౌనులో కూర్చోబెడితే ముందు మా మరదలికి పిచ్చెక్కుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి గిన్నెలు కూడా సైజుల వారీగా సర్దుతావు.

నీ కోర్సు మొత్తం మా సందు చివర జిరాక్సు షాపులో ప్రింటు తీయించి బైండు చేశాను. నీలం గుడ్డ అట్ట, వీపు మీద బంగారు అక్షరాలు. బైండు చేసేటప్పుడు చదవకుండా ఉండటం నాకు చేతకాదు, అందువల్లే ప్రెస్సులో ఎప్పుడూ తిట్లు తినేదాన్ని. ఇదీ చదివాను. మోటారుకి బోలెడు పేజీలు, తాళ్ళకి బోలెడు, బ్రేకుకి అంతకంటే ఎక్కువ. లోపల ఇరుక్కున్న మనిషి గురించి మాత్రం ఒక్క వాక్యం: "ప్రయాణికులను సురక్షితముగా వెలుపలికి తీయవలెను." తీసేదాకా ఆ మనిషితో ఏమనవలెనో ఎక్కడా లేదు. సామాను గురించి రాసినట్టు రాశారు.

ఇంకో మాట. మొన్న వీడియో కాల్‌లో నీ మీసం కనపడింది. వెనకాల నువ్వు కూడా ఉన్నావనుకుంటాను. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నారు. నీకు మెతుకులు బాగానే ఉన్నాయి గానీ అవి నోటిదాకా ఏ దారిన వెళుతున్నాయో అర్థం కాలేదు. కాస్త కత్తిరించుకో.

నేనేం నేర్చుకుంటున్నానో ఇప్పుడే అడగకు. వచ్చాక చెబుతాను.

ఇట్లు,
నీ అక్క


జూన్ 20

అక్కకి నమస్కారాలు.

మీసం జోలికి రాకు. ఈ ఊళ్ళో నా పేరు ఎవరికీ తెలియదు. "మీసాలాయన్ని పిలవండి" అంటారు, నేను వెళతాను. కంపెనీ గుర్తింపు కార్డు మీద నా మొహంలో సగం అదే. పెళ్ళిచూపుల నాడు మీ మరదలు తలెత్తి మొదట చూసింది దాన్నే. ఇప్పుడు అడిగితే, భయపడి చూశానంటోంది.

నా ఫోనుకి జబ్బు చేసింది. పాఠం పెడితే చప్పుడు రాదు. కింద అక్షరాలు మాత్రం పోతుంటాయి. పైగా పాఠం చెప్పే ఆయన ఆవలిస్తున్నట్టు, ఒక్కో మాటకీ నోరు పూర్తిగా తెరిచి, పూర్తిగా మూసి, మళ్ళీ తెరుస్తున్నాడు. "బ్రే...క్" అనేలోపు నాకు నిద్ర పట్టేస్తోంది. రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. వాడు స్పీకర్ విప్పి, దుమ్ము ఊది, స్పీకర్ బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఇంటికొచ్చి పాఠం పెడితే మళ్ళీ అదే ఆవలింత.

కార్డులు ఇంకా విడ్డూరం. మొదట్లో అన్నీ మోటారు, తాడు, బ్రేకు. ఈ మధ్య ఎలాంటివి వస్తున్నాయో చూడు. "లోపలివాళ్ళని బయటికి తీశాక చెమట చొక్కాతో వాళ్ళ ఎదుట నిలబడవచ్చునా? జవాబు: సంచిలో ఇంకో చొక్కా పెట్టుకో." "లిఫ్టు ఆగింది. మెకానిక్ మొదట ఏం చేయాలి? జవాబు: లోపలివాళ్ళని పలకరించాలి. మోటారు ఎక్కడికీ పోదు." ఈ కోర్సు రాసినాయన ఎవరో గానీ పెద్ద చాదస్తపు మనిషి. లిఫ్టు మొహం చూసి ఉండడు. అయినా కంపెనీవాళ్ళు అడిగితే చెప్పాలి కదా, బట్టీ పట్టేస్తున్నాను. మరిచిపోయానంటే ఆ చీమ ఊరుకోదు.

ఇవాళ మూడో పాఠం అప్పజెప్పి, రికార్డు చేసి నీకు పంపుతున్నాను. తప్పులుంటే మొహమాటపడకుండా రాయి.

ఇట్లు,
మీసాల తమ్ముడు


జూన్ 27

తమ్ముడికి, అక్క రాసేది. దీవెనలున్నాయి గానీ ఈసారి కాస్త కోపంగా ఉన్నాయి.

చాదస్తం అన్నావు. అనరా, అను. చేయించుకున్నన్నాళ్ళు చేయించుకుని, ఆ పైన పేరు పెట్టడం మన ఇంట్లో కొత్తేం కాదు. మోటారు ఎక్కడికీ పోదన్న మాటలో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియలేదు. చొక్కా మాటలో అసలే లేదు. పెట్టెలోంచి బిక్కచచ్చి బయటికొచ్చిన మనిషికి మొదట తగిలేది నీ చెమట వాసన కావాలా?

నీ ఫోనుకి జబ్బూ లేదు, గిబ్బూ లేదు. చప్పుడు తీసేసింది నేను. వేగం సగానికి తగ్గించింది నేను. ఒకే ఖాతా కదా, ఇక్కడ నొక్కితే అక్కడ మారుతున్నట్టుంది. నాకు చప్పుడు చిరాకు, అంతే. మరి అక్కడ నువ్వో మీ అమ్మాయో ఏదో నొక్కి ఒకటిన్నర వేగం పెట్టినప్పుడు నా గతేమయిందో తెలుసా? నాకు పాఠం చెప్పే అమ్మాయి పెదవులు కుట్టుమిషన్ సూదిలా ఆడాయి. నా రోజంతా పోయింది. ఇకనుంచి పొద్దున నాది, సగం వేగం. సాయంత్రం నీది, నీ ఇష్టమొచ్చిన వేగం.

నీ రికార్డు విన్నాను. గొంతు ఖంగుమంటోంది. ఉచ్చారణ స్పష్టంగా ఉంది. మధ్యలో కొంచెం తొందరపడ్డావు, మిగతాదంతా బాగుంది. అలాగే చదువు.

బైండు చేసిన పుస్తకం పార్సిల్ పంపాను. దాన్ని టీ కప్పు కింద పెడితే ఊరుకోను.

ఇట్లు,
చాదస్తపు అక్క


జూలై 5

అక్కకి,

ఈ ఉత్తరం రాయడానికి చాలా ఆలోచించాను. మీ మరదలు వద్దంటోంది. అయినా రాస్తున్నాను.

నేను పంపిన రికార్డు మొన్న మళ్ళీ పెట్టుకుని విన్నాను. అందులో పాఠం లేదు. రికార్డు నొక్కి, ఫోన్ జేబులో పెట్టి మరిచిపోయాను. అందులో ఉన్నది మొదట గ్రైండింగు మిషను, తర్వాత మీ మరదలు. అంటే, ఖంగుమన్నది గ్రైండింగు మిషను. ఉచ్చారణ స్పష్టంగా ఉన్నది మీ మరదలిది; బురద బూట్లతో వంటింట్లోకి వచ్చానని తిడుతోంది. మధ్యలో తొందరపడిందీ ఆవిడే. నువ్వు విననే లేదు. వినకుండానే బాగుందన్నావు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని.

మా అక్క ఇలా ఎప్పుడూ చేయలేదే, మనసు ఎక్కడుంది ఈవిడకి అనుకున్నాను. అప్పుడు ఒక్కొక్కటీ కలిసొచ్చాయి.

మీ వీధిలోనే ఉన్న మన పిన్ని నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. ఆవిడ ఫోన్ చేసి, నీ మేడ మీద అద్దెకుంటున్న ఫోటోగ్రాఫర్ ఇన్నేళ్ళ మీసం తీసేశాడని, నువ్వు తీయమంటేనే తీశాడని చెప్పింది. సాయంత్రాలు మీరిద్దరూ వరండాలో ఎదురెదురు కుర్చీల్లో కూర్చుంటారట. ఆయన నెమ్మదిగా ఏదో చెబుతుంటాడు, నువ్వు ఆయన నోటి కేసే చూస్తుంటావు. ఇది పిన్ని మాట. పిన్ని మాటని సగానికి సగం తగ్గించి తీసుకోవాలని నాకూ తెలుసు. కానీ మన యాప్‌లో నువ్వు చూసిన పాఠాల జాబితా నాకూ కనపడుతుందక్కా. "పెదవులు ఎలా కదులుతాయి", "నవ్వినప్పుడు పెదవులు", "దగ్గర నుంచి పెదవులు". ఇంకా ఉన్నాయి. నేను కళ్ళు మూసుకున్నాను.

బావ పోయి ఏళ్ళు గడిచాయి. నీ జీవితం నీది. ఆయన మంచివాడైతే నాకేం అభ్యంతరం లేదు. నాకు ముందు చెప్పలేదనే బాధ. ఆయన మీసం తీయించావు, నా మీసం మీద కూడా కన్నేశావు. మగవాళ్ళ మీసాలతో నీకేమిటి పేచీ?

నా సంగతి ఏం బాగోలేదు. నమూనా పరీక్షలో తప్పాను. బ్రేకు గురించి అడిగితే, సంచిలో చొక్కా పెట్టుకోవాలని రాశాను. గోడౌను తాళంచెవి కలలోకి వస్తోంది.

ఇట్లు,
ఏమీ తెలియని తమ్ముడు


జూలై 10

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి ఒళ్ళు మండింది.

అనుమానం పెనుభూతం అంటే ఏమిటో అనుకున్నాను, అది మీసం పెట్టుకుని లిఫ్టులు రిపేరు చేస్తుందని ఇప్పుడు తెలిసింది. అరవై దాటినదాన్ని. నా మోకాళ్ళు నాతో మాట్లాడటం మానేశాయి, నాకు ఫోటోగ్రాఫరా? ఆయన వరసగా మూడు వాక్యాలు మాట్లాడితే అందులో రెండు తన కెమెరా గురించి. మూడోది వాళ్ళ అమ్మాయి పెళ్ళి గురించి. మీసం తీయమన్న మాట నిజం. ఎందుకని అడగకు. వరండాలో కూర్చున్న మాట నిజం. ఎందుకని అదీ అడగకు. పిన్నికి మాత్రం, కిటికీ రెక్కలు రెండూ మూసుకుని నిద్రపొమ్మని నా మాటగా చెప్పు.

రికార్డు వినకపోవడం తప్పే. పని తొందరలో ఉన్నాను. ఇంతకుమించి అడగకు.

నమూనా పరీక్ష తప్పావని చదివి భయమేసింది. నా వల్లే అయిందనిపిస్తోంది. ఇక నీ పనిలో వేలు పెట్టను. ఒక్కటి సగంలో ఉంది, అది పూర్తిచేసి మానేస్తాను. బ్రేకు గురించి నీలం పుస్తకంలో గుర్తు పెట్టి పంపాను, ఎర్ర దారం ఉన్న చోట. అది నాలుగుసార్లు చదువు. నువ్వు గోడౌనులో కూర్చోవడం నాకిష్టం లేదు. నువ్వు పనిలో ఉన్నప్పుడే నీ మొహం వెలుగుతుంది, ఉన్నంత మేరకు.

ఇట్లు,
అక్క


జూలై 19

అక్కకి, ఈసారి పూర్తి దండం. నడుము పట్టేసినా సరే.

పరీక్ష అయింది. ఫలితం చివర్లో చెబుతాను. ముందే చెబితే మిగతాది చదవవు.

రాతపరీక్ష గట్టెక్కాను. బ్రేకు మీద రెండు ప్రశ్నలొచ్చాయి, రెండూ నీ ఎర్రదారం ఉన్న పేజీలోవే. చేతి పరీక్ష మా శిక్షణ భవనంలో పెట్టారు. ఒక లిఫ్టుని రెండంతస్తుల మధ్య ఆపేసి, లోపల ప్రయాణికుడిగా ఆఫీసు గుమాస్తాని కూర్చోబెట్టారు. ఇంజనీరమ్మ బయట నిలబడి మార్కులేస్తోంది. నా ముందు వెళ్ళిన ఇద్దరూ తలుపు దగ్గర ఒక కేక వేశారు. జవాబు రాలేదు. నేరుగా పైకి పరిగెత్తి, కరెంటు కట్టేసి, మోటారు చక్రం తిప్పి దించారు. లిఫ్టు కదిలేసరికి లోపల గుమాస్తా ప్రాణం పోయినట్టు అరిచాడు. బాగా నటిస్తున్నాడని మేమందరం మెచ్చుకున్నాం.

నా వంతు వచ్చింది. మామూలుగా అయితే నేను ఆ కేక కూడా వెయ్యను. నాకు మోటార్లతో ఉన్న చనువు మనుషులతో లేదు. కానీ ఆ కార్డు ఇన్నాళ్ళుగా అడిగి అడిగి నా బుర్రలో మేకు దిగ్గొట్టింది. "మొదట ఏం చేయాలి? లోపలివాళ్ళని పలకరించాలి." తలుపు తట్టి పలకరించాను. ఉలుకూ పలుకూ లేదు. గట్టిగా పిలిచాను. లేదు. పైకి వెళ్ళబోతుంటే, ముందు రోజే కొత్తగా వచ్చిన కార్డు గుర్తొచ్చింది. "పిలిచినా పలకకపోతే? జవాబు: పొగరనుకోకు. వినపడటం లేదేమో అనుకో. కనపడేలా చెప్పు. నువ్వు చెప్పింది చేరిందని తెలిసేదాకా కదలకు."

జేబులో టీ బిల్లుంది. దాని వెనక రాశాను: "కంగారు పడకండి. నేను మెకానిక్‌ని. తలుపు లాగకండి. పైకెళ్ళి మిమ్మల్ని దించుతాను, పెట్టె కొంచెం కదులుతుంది. ఇది చదివితే తలుపు మీద రెండుసార్లు కొట్టండి." తలుపు సందులోంచి లోపలికి జారవిడిచాను. వెనక ఎవరో నవ్వారు. కాసేపటికి లోపల్నించి టక్, టక్. అప్పుడు పైకి వెళ్ళాను.

తలుపు తీస్తే, గుమాస్తా చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీక్కుంటూ బయటికొచ్చాడు. పొద్దుటినుంచీ ఆ పెట్టెలో కూర్చుని విసుగెత్తి సినిమా చూస్తున్నాడట. ఎవరి కేకా వినలేదు. లిఫ్టు చెప్పాపెట్టకుండా కదిలేసరికి రెండుసార్లూ నిజంగానే హడలిపోయాడు. నా చేయి పట్టుకుని, మీరొక్కరే చెప్పి కదిలించారండీ అన్నాడు.

ఇంజనీరమ్మ నన్ను పక్కకి పిలిచి, "కాగితం రాయడం ఏ పాఠంలో ఉందండీ?" అంది. కంపెనీ కార్డుల్లోనే ఉందని గర్వంగా ఫోన్ తీసి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఇది మా కార్డు కాదే. కింద చిన్న అక్షరాలున్నాయి చూడండి" అంది. నా కళ్ళకి అవి ఎప్పుడూ ఆనలేదు. ఆవిడే చదివింది. "రాసినవారు: అక్క."

ఒక్కొక్క కార్డూ తిప్పాను. చొక్కా కార్డు, అక్క. పలకరింపు కార్డు, అక్క. మోటారు ఎక్కడికీ పోదు, అక్క.

వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. ఆ రోజు వాయిస్ మెసేజ్‌లో నేను చెప్పిందేమిటో తెలుసా? "అక్కా, నా కార్డులు మాత్రం ముట్టుకోకు, నీవి వేరే పెట్టుకో" అని చెప్పాను. నువ్వేమో చెప్పినట్టే చేస్తున్నానన్నావు. గ్రైండింగు మిషను ఖంగుమంటే నా గొంతు బాగుందన్నావు. పాఠాలకి చప్పుడు తీసేశావు, వేగం సగం చేశావు. ఫోన్ ఎత్తవు. ఫోటోగ్రాఫర్ మీసం. నా మీసం. పెదవులు.

మోటారులో చిన్న తేడా వస్తే రెండంతస్తుల కింద నుంచి పట్టుకునేవాణ్ణి. మా అక్కలో తేడా పట్టుకోలేకపోయాను. పైగా శంఖం అన్నాను. ఆ మాట గుర్తొచ్చి ఆ మెట్ల మీద ఏడ్చాను. తప్పినందుకేమో అనుకుని గుమాస్తా మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

తప్పలేదు. పాసయ్యాను. హెల్మెట్ పెట్టుకోలేదని మార్కులు కోసింది గానీ, పాసే. గోడౌనుకి నేను పోనక్కర్లేదు.

అక్కా, నీకు వినపడటం లేదు కదూ?

నీ తమ్ముడు


జూలై 24

నా తమ్ముడికి,

మిగతా సగం దీవెన ఇందులో పెట్టాను. పాసయ్యావన్న చోట చదివి, వరండాలోకి వెళ్ళి ఫోటోగ్రాఫర్‌కి చెప్పాను. ఆయన ఏదో అన్నాడు. అభినందనలే అయుంటాయి, కెమెరా గురించైనా కావచ్చు.

అవును. వినపడటం లేదు. రెండేళ్ళ క్రితం మొదలైంది. ప్రెస్సులో మిషన్ల పక్కన గడిపిన ఏళ్ళు తినేశాయన్నాడు డాక్టరు. చెవి మిషను పెట్టుకున్నాను. గిన్నెల చప్పుడు, కుక్క అరుపు, అన్నీ వస్తాయి. మనిషి మాట మాత్రం ముద్ద కట్టి వస్తుంది. అందుకని పెదవులు చదవడం నేర్చుకుంటున్నాను. నాకు పాఠం చెప్పే అమ్మాయిని సగం వేగంలో పెట్టి చూస్తే ఇప్పుడు పదిలో ఆరు మాటలు దొరుకుతున్నాయి. ఒకరోజు పై ట్యాంకు పొంగిపోతుంటే ఫోటోగ్రాఫర్ నా తలుపు విరగబాదాడట. నేను లోపల నీలం పుస్తకం కుట్టుకుంటూ కూర్చున్నాను. అప్పుడు ఆయనకి తెలిసింది. సాయంత్రాలు ఎదురుగా కూర్చుని నాతో అభ్యాసం చేయిస్తున్నాడు. మంచివాడు. మీసం తీసేశాక మొహం మాత్రం ఒలిచిన ఉల్లిపాయలా ఉంది.

నీకెందుకు చెప్పలేదంటే, జాలిపడతారని కాదు. జాలిపడితే పడండి, దానికేం. మళ్ళీ చెప్పమని అడిగినప్పుడు అందరూ ఒకే మాట అంటార్రా: "ఏం లేదులే." నవ్వుతుంటారు, ఎందుకని అడుగుతాను, "ఏం లేదులే." పిన్ని అంటుంది, పాలవాడు అంటాడు. నాకు చెప్పదగ్గది ఏదీ లేనట్టు ఉంటుంది. ఆ మాట నీ నోట వినడం నాకిష్టం లేదు. వినలేను కూడా అనుకో. ఉత్తరంలో ఎవరూ ఏం లేదులే అని రాయరు. బూట్ల బురద దగ్గరనుంచి అన్నీ రాస్తారు. అందుకే ఉత్తరాలు రాయమన్నాను.

నీ మెసేజ్ వినపడక, కార్డుల్లో సాయం అడిగావనుకున్నాను. నిన్ను పరీక్ష తప్పించేదాన్నే. ఆ పలకరింపు కార్డు మాత్రం నీకోసం రాయలేదు. లోపల ఇరుక్కున్నవాళ్ళు ఏం కోరుకుంటారో నాకు తెలుసు కాబట్టి రాశాను.

నువ్వు వస్తానంటున్నావని మా మరదలు మెసేజ్ పెట్టింది. నువ్వు రావద్దు. వస్తే నీ మీసంలోంచి నాకొక్క మాటా దొరకదు. నువ్వు మళ్ళీ మళ్ళీ చెప్పాలి, విసుక్కుంటావు. ఉత్తరాలే రాయి. ఉత్తరంలో నీకు మీసం లేదు.

ఇట్లు,
నీ అక్క


జూలై 28

అక్కకి,

తీసేశాను.

మంగలి మూడుసార్లు అడిగాడు, నిజంగానా అని. ఇంటికొస్తే నీ మేనకోడలు తలుపు తీసి, నాన్న లేరండీ అంది. మీ మరదలు నవ్వి నవ్వి మంచం మీద పడింది, తర్వాత లేచొచ్చి, ఇన్నాళ్ళూ ఈ నోరు ఎక్కడ దాచావని అడిగింది. పై పెదవి మీద గాలి తగులుతుంటే ఏదో మరిచిపోయి వీధిలోకి వచ్చినట్టుంది. పనికి వెళ్ళిన చోట వాచ్‌మన్ నన్ను లోపలికి పోనివ్వలేదు. గుర్తింపు కార్డు చూపిస్తే, మీసాలాయన కార్డు నీ దగ్గరికి ఎలా వచ్చిందని నిలదీశాడు. చివరికి పాడైన లిఫ్టు చప్పుడు విని, దాని జబ్బేమిటో బయట నిలబడే చెబితే అప్పుడు నమ్మాడు.

ఆదివారం వస్తున్నాను. నా వాయిస్ మెసేజ్ నీకు వినపడలేదు, నువ్వు రావద్దన్నదీ నాకు వినపడలేదు. అద్దం ముందు నిలబడి మాట్లాడటం అభ్యాసం చేస్తున్నాను. ఒక్కో మాటకీ నోరు పూర్తిగా తెరిచి, పూర్తిగా మూసి, మళ్ళీ తెరుస్తున్నాను. ఆవలింతలు వస్తే సర్దుకో. అంతా సగం వేగంలోనే చెబుతాను. అర్థం కాకపోతే అడుగు, మళ్ళీ చెబుతాను. మళ్ళీ అడుగు, మళ్ళీ చెబుతాను. నాకు సెలవు చాలా ఉంది. ఏం లేదులే అని మాత్రం అనను.

ఆదివారం పొద్దున్నే తలుపు దగ్గర ఉండు. బెల్లు కొట్టను, అక్కా అని కేకెయ్యను. తలుపు కింద నుంచి ఒక కాగితం లోపలికి వస్తుంది. అది చదివి, తలుపు మీద రెండుసార్లు కొట్టు.

నేను వింటాను.

నీ తమ్ముడు